ట్రయంఫ్ బానవిల్ 865: ట్యూన్‌ఈసీయూతో ఇంట్లో చేసుకోగల పనులు, వాటి వరుస

ఈ గైడు ట్రయంఫ్ 865 సీసీ ఎయిర్ కూల్డ్ ట్విన్ బండ్ల కోసం. బానవిల్, టీ100, థ్రక్స్‌టన్, స్క్రాంబ్లర్ అన్నీ ఆ కుటుంబానివే. 2008 ప్రాంతంలో ఇవి కార్బురేటర్ వదిలి ఇంజెక్షన్‌కి మారాయి. బయటికి కార్బురేటర్లలా కనిపించేవి నిజానికి కీహిన్ కంపెనీ థ్రాటిల్ బాడీలు (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించేవి). పాత బండి రూపం చెడకూడదని వాటికా ఆకారం ఇచ్చారు. వాటిని నడిపే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, కూడా కీహిన్‌దే. ట్రయంఫ్ మన దేశంలో అధికారికంగా అడుగుపెట్టింది 2013 నవంబరులో. అప్పుడు కొన్న బండ్లకు ఇప్పుడు పదేళ్లు దాటాయి. వాటి మీద వినిపించే ఫిర్యాదులు ఇంచుమించు ఒకటే: పొద్దున స్టార్టయ్యాక ఐడ్లింగ్ నిలవదు, సిటీ స్పీడులో బండి కుదుపుతుంది, ఎక్సలేటర్ వదలగానే సైలెన్సర్ టపటపమంటుంది, సైలెన్సర్ మార్చాక పికప్ తగ్గింది.

వీటన్నిటికీ దొరికే సలహా కూడా ఒకటే: "మ్యాప్ చేయించు." మ్యాప్ అంటే ఎప్పుడు ఎంత పెట్రోల్ పోయాలో, ఎప్పుడు స్పార్క్ ఇవ్వాలో ఈసీయూకి చెప్పే పట్టికలు. ఈ ఫిర్యాదుల్లో చాలావాటికి మ్యాపుతో సంబంధం లేదు. సెన్సార్ రీడింగులు చూడకుండా మ్యాప్ మార్చితే అసలు తప్పు లోపలే ఉండిపోతుంది, దాని మీద ఇంకో తప్పు చేరుతుంది. ట్యూన్‌ఈసీయూ అనేది బండి ఈసీయూతో మాట్లాడే సాఫ్ట్‌వేర్. అది మూడు పనులు చేస్తుంది: ఫాల్ట్ కోడ్‌లు, సెన్సార్ రీడింగులు చూపిస్తుంది, అడాప్షన్ (ఈసీయూ తన సవరణలు కొత్తగా నేర్చుకోవడం) లాంటి పరీక్షలు నడుపుతుంది, మ్యాప్ చదివి రాస్తుంది. మీరూ ఆ వరుసలోనే వెళ్లండి. మొదటి రెండు మెట్లలోనే సమస్య తీరితే మూడో మెట్టు ఎక్కాల్సిన పని లేదు.

ముందు స్పానర్ పని

లాప్‌టాప్ తెరవకముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వాల్వ్ క్లియరెన్స్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కొలవండి. ఇన్‌టేక్ 0.15 నుంచి 0.20 మి.మీ., ఎగ్జాస్ట్ 0.25 నుంచి 0.30 మి.మీ. మధ్య ఉండాలి. ఎగ్జాస్ట్ వాల్వ్ బిగుసుకుంటే ఐడ్లింగ్‌లో ఆ సిలిండర్ కంప్రెషన్ పడిపోతుంది, ఈ లోటును ఏ మ్యాపూ పూడ్చలేదు. ప్లగ్ ఎన్‌జీకే డీపీఆర్8ఈఏ-9, గ్యాప్ 0.8 నుంచి 0.9 మి.మీ. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. థ్రాటిల్ బాడీకి, సిలిండర్ హెడ్‌కి మధ్య ఉండే రబ్బర్లు మన ఎండలకి గట్టిపడి చీలుతాయి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా వాటి అంచుల మీద కొద్దిగా సబ్బు నీళ్లు చల్లండి. ఆ క్షణంలో ఇంజిన్ శబ్దం మారితే అక్కడ గాలి లీకవుతోంది.

సైలెన్సర్ పైపు సిలిండర్ హెడ్‌కి కలిసే చోట, క్లాంపుల దగ్గర నల్లటి మసి చారలు ఉన్నాయేమో చూడండి. అక్కడ లీకుంటే బయటి గాలి లోపలికి లాగుతుంది, ఆక్సిజన్ సెన్సార్ దాన్ని చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ఈసీయూ అనవసరంగా పెట్రోల్ పెంచుతుంది. ఎక్సలేటర్ వదిలినప్పటి టపటపకీ ఎక్కువ సందర్భాల్లో ఇదే మూలం.

కావాల్సిన సరంజామా

ట్యూన్‌ఈసీయూ మొదట విండోస్‌లో ఉచితంగా వచ్చింది. ఆ వెర్షన్ అభివృద్ధి ఆగిపోయింది. ఇప్పుడు నడుస్తున్నది డబ్బు పెట్టి కొనే ఆండ్రాయిడ్ యాప్. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు యాప్ కొనుక్కోవడమే మేలు. పాత విండోస్ కాపీ కోసం ఊరూపేరూ లేని సైట్లు వెతికితే దానితోపాటు ఇంకేదైనా లాప్‌టాప్‌లోకి వస్తుంది.

కేబుల్ విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. కావాల్సింది "కేకేఎల్ వ్యాగ్‌కామ్ 409.1" పేరుతో దొరికే యూఎస్‌బీ కేబుల్. ఒక చివర కార్లలో ఉండే 16 పిన్నుల ఓబీడీ (డయాగ్నస్టిక్) ప్లగ్గు ఉంటుంది. లోపల అసలైన ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్, ఎఫ్‌టీ232ఆర్ఎల్, ఉండాలి. చవక కేబుళ్లలో సీహెచ్340 చిప్ వేస్తారు, లేదా ఎఫ్‌టీడీఐకి నకలు పెడతారు. సీహెచ్340తో ట్యూన్‌ఈసీయూకి పడదు. నకలు చిప్ ఇంకా ప్రమాదకరం: రీడింగులు బాగానే చూపించి, మ్యాప్ రాసేటప్పుడు మధ్యలో చేతులెత్తేయవచ్చు. కొనేముందు అమ్మేవాళ్లని చిప్ పేరు అడగండి. జవాబు రాకపోతే ఇంకోచోట చూసుకోండి.

విండోస్‌లో వాడేటప్పుడు ఎఫ్‌టీడీఐ వాళ్ల డీ2ఎక్స్‌ఎక్స్ డ్రైవర్ ఉండాలి. విండోస్ తనంతట తాను మామూలు సీరియల్ పోర్ట్ డ్రైవర్ ఎక్కించుకుంటే సాఫ్ట్‌వేర్‌కి కేబుల్ కనిపించదు. ఫోన్‌లో అయితే ఓటీజీ అడాప్టర్ చాలు. బ్లూటూత్ అడాప్టర్ కావాలంటే ఓబీడీలింక్ ఎల్ఎక్స్ లాంటి నాణ్యమైనది తీసుకోండి. మూడు నాలుగు వందలకి దొరికే ఈఎల్‌ఎం327 నకళ్లు కోడ్ చదవడానికి పనికి రావచ్చు గానీ, వాటితో మ్యాప్ రాసే సాహసం చేయొద్దు. బ్లూటూత్ ఎంత మంచిదైనా, రాసే పనికి వైరే నమ్మకం.

వీటితోపాటు బ్యాటరీ ఛార్జర్, మల్టీమీటర్, గాలి కోసం ఒక పెద్ద ఫ్యాను. ఫ్యాను ఎందుకో అడాప్షన్ దగ్గర తెలుస్తుంది.

కనెక్ట్ చేయడం

సీటు తీస్తే కింద 16 పిన్నుల డయాగ్నస్టిక్ సాకెట్ ఉంటుంది. కేబుల్‌ని ముందు సాకెట్‌కి, తర్వాత లాప్‌టాప్‌కి లేదా ఫోన్‌కి పెట్టండి. కీ ఆన్ చేయండి, కిల్ స్విచ్ రన్‌లో ఉంచండి, ఇంజిన్ స్టార్ట్ చేయకండి. కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉండిపోవడమే "కనెక్ట్ కావడం లేదు" అన్న ఫిర్యాదుకి అతి మామూలు కారణం.

అప్పటికీ కనెక్ట్ కాకపోతే మల్టీమీటర్ తీయండి. కీ ఆన్‌లో ఉండగా సాకెట్ 16వ పిన్నుకి, 4వ పిన్నుకి మధ్య బ్యాటరీ వోల్టేజి రావాలి. 7వ పిన్ను మీదే ఈసీయూ మాట్లాడుతుంది. పిన్నులకి పచ్చటి తుప్పు పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. వానాకాలం బయట నిలిపిన బండ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది.

మొదటి పరీక్ష: కోడ్‌లు

కోడ్‌లు కనిపించగానే చెరిపేయొద్దు. ముందు రాసుకోండి లేదా స్క్రీన్ ఫొటో తీయండి, ఆ తర్వాత చెరిపి, బండి ఒక రౌండు తిప్పి, మళ్లీ ఏది వస్తుందో చూడండి. తిరిగి వచ్చిందే నిజమైన ఫాల్ట్. మిగతావి ఎప్పుడో ఎవరో కీ ఆన్‌లో ఉండగా కనెక్టర్ విప్పినప్పుడు నమోదైనవి కావచ్చు.

తరచుగా తగిలేవి ఇవి. పీ0122, పీ0123 థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ సిగ్నల్ మరీ తక్కువ, మరీ ఎక్కువ అని చెబుతాయి. పీ0107, పీ0108 ఇన్‌టేక్ ప్రెషర్ సెన్సార్‌కి సంబంధించినవి. పీ0113 వస్తే గాలి ఉష్ణోగ్రత సెన్సార్ వైరు తెగింది లేదా కనెక్టర్ ఊడింది. పీ0031, పీ0032 ఆక్సిజన్ సెన్సార్ లోపలి హీటర్ కోడ్‌లు. పీ0201, పీ0202 ఒకటో, రెండో ఇంజెక్టర్ సర్క్యూట్‌కి. పీ0335 క్రాంక్ సెన్సార్‌కి. దేనికైనా ముందు చూడాల్సింది కనెక్టరు, దాని వెనక వైరు. కోడ్ సర్క్యూట్‌లో తప్పుందని చెబుతుంది గానీ పార్ట్ పోయిందని కాదు. పీ0113 చూసి కొత్త సెన్సార్ కొని తెచ్చాక, పాత సెన్సార్ పక్కన ఊడిన ప్లగ్గు కనిపిస్తే డబ్బు దండగ.

రెండో పరీక్ష: సెన్సార్లు నిజం చెబుతున్నాయా

ఈ పని ఎవరూ చేయరు, అందుకే దీని మీద కాస్త ఎక్కువ సమయం పెట్టమంటున్నాం. బండిని రాత్రంతా నిలిపి, పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి రీడింగులు చూడండి.

ఇంజిన్ ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రత రెండూ ఆ గది వేడికి దగ్గరగా, ఒకదానికొకటి రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. ఇంజిన్ సెన్సార్ చల్లటి ఇంజిన్‌ని 60 డిగ్రీలుగా చూపిస్తుంటే ఈసీయూ చలి స్టార్టుకి కావాల్సిన అదనపు పెట్రోల్ ఇవ్వదు. పొద్దున ఐడ్లింగ్ నిలవకపోవడానికి ఇదొక్కటే చాలు. తిరగబడి వేడి ఇంజిన్‌ని చల్లగా చూపిస్తే బండి పెట్రోల్ తాగేస్తుంది, ప్లగ్ నల్లబడుతుంది.

ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఇన్‌టేక్ ప్రెషర్ సెన్సార్ చూపించాల్సింది ఆ ఊరి వాతావరణ పీడనమే. విశాఖలో, కాకినాడలో సముద్ర మట్టం కాబట్టి సుమారు 1010 హెక్టోపాస్కల్. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి 950 చుట్టుపక్కల. హైదరాబాద్‌లో 1010 చూపించే సెన్సార్‌ని నమ్మకండి. ఆ ఆరు శాతం తేడా నేరుగా పెట్రోల్ లెక్కలోకి వెళ్తుంది.

తర్వాత ఎక్సలేటర్‌ని మెల్లగా, చాలా మెల్లగా, సున్నా నుంచి పూర్తి వరకు తిప్పుతూ థ్రాటిల్ రీడింగ్ చూడండి. అంకె ఆగకుండా, దూకకుండా పెరగాలి. 8 శాతం నుంచి ఒక్కసారి 14కి దూకి మళ్లీ 10కి పడితే సెన్సార్ లోపలి ట్రాక్ అరిగింది. ఎక్కువగా అరిగేది మనం రోజూ సిటీలో వాడే ఆ చిన్న ఓపెనింగ్ దగ్గరే. కుదుపుకి కారణం మ్యాపులో వెతికేవాళ్లు ఈ ఒక్క నిమిషం పరీక్ష చేస్తే చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఎక్సలేటర్ వదిలాక ప్రతిసారీ ఒకే అంకెకి రావాలి. రాకపోతే కేబుల్ ఫ్రీ ప్లే చూడండి.

ఇప్పుడు స్టార్ట్ చేసి బాగా వేడెక్కనివ్వండి. బ్యాటరీ వోల్టేజి కాస్త రేస్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఆక్సిజన్ సెన్సార్ వోల్టేజి ఆగకుండా 0.1కి, 0.9కి మధ్య ఊగాలి. 0.1 దగ్గర అతుక్కుపోతే మిశ్రమం పల్చగా ఉంది లేదా ఎగ్జాస్ట్ లీకుంది. 0.8 దాటి అక్కడే ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. 0.45 దగ్గర కదలకుండా ఉంటే సెన్సార్ వేడెక్కలేదు లేదా పోయింది.

టపటప మీద ఒక చిన్న పరీక్ష. ఈ బండిలో సెకండరీ ఎయిర్ అనే ఏర్పాటుంది. ఎగ్జాస్ట్ పోర్టులోకి తాజా గాలి పంపి, మిగిలిన పెట్రోల్ అక్కడే కాలేలా చేస్తుంది. కాలుష్యం తగ్గించడానికే అది. దాని గొట్టాన్ని తాత్కాలికంగా క్లిప్పుతో నొక్కి బండి నడపండి. టపటప మాయమైతే అది సెకండరీ ఎయిర్ వల్ల వస్తున్న శబ్దమే, ఇంజిన్‌కి ఏ హానీ లేదు, మ్యాపులో ఏమీ మార్చనక్కర్లేదు. క్లిప్పు తీసేయండి.

బ్యాలెన్స్, అడాప్షన్

ఒక్కో సిలిండర్‌కి ఒక్కో థ్రాటిల్ బాడీ ఉంది కాబట్టి రెండూ సమానంగా గాలి పీల్చాలి. సాఫ్ట్‌వేర్‌లో ఇంజిన్ నడుస్తుండగా రెండు సిలిండర్ల ఇన్‌టేక్ ప్రెషర్ పక్కపక్కన చూడొచ్చు. ఇంజిన్ వేడిగా, ఐడ్లింగ్ 1000 ఆర్‌పీఎం దగ్గర ఉన్నప్పుడు, రెండు బాడీలని కలిపే లింకు మీదున్న స్క్రూని కొంచెం కొంచెంగా తిప్పుతూ రెండు అంకెలు వీలైనంత దగ్గరికి తేవాలి. ఎనిమిదో వంతు తిప్పండి, ఎక్సలేటర్ ఒకసారి ఇచ్చి వదలండి, అంకె కుదురుకున్నాక చూడండి. రంగు మార్కు వేసి ఫ్యాక్టరీలో సెట్ చేసిన స్టాప్ స్క్రూలని మాత్రం ముట్టుకోకండి. అవి కదిలితే థ్రాటిల్ సున్నా స్థానమే మారిపోతుంది.

చాలా బండ్లకి ఈ బ్యాలెన్స్ తర్వాత వచ్చే నునుపు, డబ్బు పోసి చేయించిన మ్యాపు తర్వాత కూడా రాదు.

బ్యాలెన్స్ అయ్యాక, థ్రాటిల్ సెన్సార్ లేదా ఆక్సిజన్ సెన్సార్ మార్చాక, మ్యాప్ రాశాక అడాప్షన్ రీసెట్ చేయాలి. ఈసీయూ ఇన్నాళ్లూ పాత పరిస్థితికి తగ్గట్టు తనలో దాచుకున్న సవరణలు పోయి, కొత్తగా నేర్చుకోవడం మొదలవుతుంది. టెస్ట్స్ పేజీలో రీసెట్ అడాప్షన్ నొక్కి, చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసి, ఎక్సలేటర్ అసలు ముట్టుకోకుండా వదిలేయాలి. సుమారు పావుగంట పడుతుంది. స్క్రీన్ మీద అడాప్షన్ గుర్తు ఎరుపు, పసుపు దాటి ఆకుపచ్చకి రావాలి. ఆకుపచ్చ రాకపోతే ఫాల్ట్ కోడ్ ఏదైనా మిగిలుందేమో, మధ్యలో ఎక్సలేటర్ కదిలిందేమో చూడండి.

ఫ్యాను కావాల్సింది ఇక్కడే. ఇది గాలికి చల్లబడే ఇంజిన్, బండి కదలకపోతే గాలి తగలదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట ఈ పని పెట్టుకోకండి. ఫ్యాన్ లేకుండా పావుగంట ఐడ్లింగ్‌లో ఉంచితే సైలెన్సర్ పైపులు నీలం తిరుగుతాయి, ఇంజిన్ అతిగా వేడెక్కి అడాప్షన్ కూడా తప్పుగా కుదురుతుంది. ఇంకొకటి, షట్టర్ వేసిన గ్యారేజీలో, అపార్ట్‌మెంట్ సెల్లార్ మూలలో ఇంజిన్ నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

మ్యాప్ చదవడం, రాయడం

ఇంతవరకు వచ్చాక కూడా సమస్య మిగిలితే, లేదా సైలెన్సర్ నిజంగానే మార్చి ఉంటే, అప్పుడు మ్యాప్ దగ్గరికి రండి. మొదటి ఎంపిక మీరు ఎడిట్ చేసిన మ్యాప్ కాకూడదు. ట్రయంఫ్ వాళ్లే యారో కంపెనీ సైలెన్సర్లకి వేరే ట్యూన్, అంటే సిద్ధమైన మ్యాప్, తయారుచేశారు. మీ మోడల్, మీ సంవత్సరం, మీ సైలెన్సర్ రకానికి సరిపడే ఫ్యాక్టరీ ట్యూన్ ఉంటే దాన్నే వేయండి. ప్రతి ట్యూన్‌కీ ఐదంకెల నంబరుంటుంది. బండిలో ఇప్పుడున్న నంబరు కనెక్ట్ కాగానే స్క్రీన్ మీద కనిపిస్తుంది. థ్రక్స్‌టన్ ట్యూన్ బానవిల్‌లో, స్క్రాంబ్లర్ ట్యూన్ థ్రక్స్‌టన్‌లో వేయొద్దు. స్క్రాంబ్లర్ క్రాంక్ 270 డిగ్రీలు, బానవిల్, థ్రక్స్‌టన్‌లది 360 డిగ్రీలు. ఫైరింగ్ క్రమమే వేరు.

రాసేటప్పుడు ఈ క్రమం తప్పకండి:

1. బ్యాటరీ వోల్టేజి కీ ఆన్ చేశాక కూడా 12.5 దగ్గర నిలవాలి. ఛార్జర్ తగిలించండి. హెడ్‌లైట్ ఫ్యూజ్ తీసేయండి, లేకపోతే పని జరిగినంతసేపూ అది బ్యాటరీని తాగుతూ ఉంటుంది.
2. లాప్‌టాప్ అయితే ఛార్జింగ్‌లో పెట్టి స్లీప్, స్క్రీన్‌సేవర్, విండోస్ అప్‌డేట్ ఆపండి. ఫోన్ అయితే ఫ్లైట్ మోడ్. సగంలో కాల్ వస్తే రాత ఆగిపోవచ్చు.
3. ముందు బండిలో ఉన్న మ్యాప్ చదివి సేవ్ చేయండి. ఫైలు పేరులో బండి నంబరు, తేదీ, ట్యూన్ నంబరు ఉండాలి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మెయిల్‌లో. ఇది లేకుండా ముందుకి అడుగు వేయొద్దు.
4. కొత్త ఫైలు తెరిచి రాయమని చెప్పండి. నూరు శాతం వచ్చేవరకు కీ, కేబుల్, సీటు, ఏదీ కదపకండి.
5. పూర్తయ్యాక కీ ఆఫ్ చేసి, కనీసం ఒక నిమిషం ఆగండి. కీ తీశాక కూడా ఈసీయూ కాసేపు మేలుకునే ఉండి తన లెక్కలు దాచుకుంటుంది. ఆ నిమిషంలో బ్యాటరీ వైరు కూడా తీయకూడదు.
6. మళ్లీ కీ ఆన్ చేసి, కనెక్ట్ అయి, ట్యూన్ నంబరు మారిందో లేదో చూసి, కోడ్‌లు చెరిపి, అడాప్షన్ చేయండి.

రాత మధ్యలో ఆగిపోతే కంగారుపడి బ్యాటరీ పీకకండి. సాఫ్ట్‌వేర్‌లో రికవరీ అనే ఎంపిక ఉంది. బ్యాటరీ వోల్టేజి సరిచేసి, కేబుల్ బిగించి, దానితో మళ్లీ అదే ఫైలు రాయించండి. చాలావరకు ఈసీయూ తిరిగి వస్తుంది. అప్పటివరకు బండి స్టార్ట్ కాదు, అందుకే ఈ పని రాత్రి పదింటికి, మర్నాడు పొద్దున ప్రయాణం పెట్టుకుని చేయకూడదు.

పట్టికలు మార్చడం, ఈ20 పెట్రోల్

ఎడిట్ పేజీలో చాలా పట్టికలు కనిపిస్తాయి. ఎఫ్ అని మొదలయ్యేవి థ్రాటిల్ ఎంత తెరుచుకుందో, ఆర్‌పీఎం ఎంతో చూసి పెట్రోల్ నిర్ణయించే పట్టికలు. ఎల్ అని మొదలయ్యేవి ఇన్‌టేక్ ప్రెషర్ చూసి నిర్ణయించేవి. ఏ దశలో దేన్ని వాడాలో చెప్పేది ఎఫ్-ఎల్ స్విచ్ పట్టిక. ఏఎఫ్ పట్టికలో ఉండేది గాలి, పెట్రోల్ నిష్పత్తి లక్ష్యం. అంకె తగ్గిస్తే పెట్రోల్ పెరుగుతుంది. ఐ అని ఉన్నవి ఇగ్నిషన్ టైమింగ్. చిన్న ఓపెనింగ్‌లో ఉన్న సమస్యకి ఎఫ్ పట్టిక మార్చి "ఏమీ తేడా లేదే" అనుకునేవాళ్లున్నారు. ఆ దశలో ఈసీయూ చదువుతున్నది ఎల్ పట్టికని.

వైడ్‌బ్యాండ్ సెన్సార్ (మిశ్రమం ఎంత పల్చనో, ఎంత చిక్కనో అంకెతో చెప్పే ఆక్సిజన్ సెన్సార్) లేకుండా వీటిలో వేలు పెట్టొద్దు. బండిలో ఉన్న మామూలు ఆక్సిజన్ సెన్సార్ మిశ్రమం లాంబ్డా 1కి, అంటే పెట్రోల్ పూర్తిగా కాలడానికి సరిగ్గా సరిపడే గాలికి, అటా ఇటా అని మాత్రమే చెప్పగలదు, ఎంత అటో చెప్పలేదు. వైడ్‌బ్యాండ్‌కి, ఉదాహరణకి బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9కి, ఎగ్జాస్ట్ పైపు మీద 18 మి.మీ., 1.5 పిచ్ మరల నట్టు వెల్డింగ్ చేయించాలి. సెన్సార్ మొన కిందికి చూసేలా, పైపు పైభాగంలో పెట్టించండి. పక్కగానో కిందనో పెడితే చల్లటి స్టార్టులో చేరే నీటి చుక్క వేడి సిరామిక్‌ని పగలగొడుతుంది. కొలిచేంతసేపూ సెకండరీ ఎయిర్ గొట్టాన్ని క్లిప్పుతో మూసి ఉంచండి, లేకపోతే ఆ తాజా గాలి వల్ల రీడింగ్ అంతా పల్చగా కనిపిస్తుంది.

ఇప్పుడు మన పెట్రోల్ సంగతి. ఇథనాల్ లేని పెట్రోల్ పూర్తిగా కాలడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి. పది శాతం ఇథనాల్ ఉంటే (ఈ10) అది 14.1 దగ్గర, మన బంకుల్లో ఇప్పుడు వస్తున్న ఇరవై శాతం కలిపిన ఈ20కి 13.5 దగ్గర. అంటే ఈ10 నుంచి ఈ20కి మారితే అదే పనికి సుమారు 4 శాతం, ఇథనాల్ లేని పెట్రోల్‌తో పోలిస్తే బరువులో సుమారు 9 శాతం ఎక్కువ పెట్రోల్ పోయాలి. 2013-16 నాటి బానవిల్ మ్యాప్‌కి ఈ సంగతి తెలియదు. మామూలు వేగంలో ఆక్సిజన్ సెన్సార్ చూసి సరిచేసుకుంటుంది. ఎక్సలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ సెన్సార్‌ని పట్టించుకోదు, పట్టికలో ఉన్నంతే పోస్తుంది. ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌కి పెట్రోల్ తక్కువైతే ఎక్కువ నష్టం జరిగేది సరిగ్గా అక్కడే. ఈ పాత బండ్లకి మ్యాప్ ఎడిట్ చేయడానికి మేం ఒప్పుకునే బలమైన కారణం ఇదొక్కటే.

మీటర్‌ని నిష్పత్తిలో కాకుండా లాంబ్డాలో పెట్టుకోండి. పెట్రోల్ లెక్కకి సెట్ చేసిన మీటర్ 13.2 చూపిస్తే లాంబ్డా 0.90 అని అర్థం. ఈ20తో అసలు నిష్పత్తి అప్పుడు 12.1 చుట్టూ ఉంటుంది. లాంబ్డాలో చూస్తే ఏ పెట్రోల్ పోసినా లక్ష్యం మారదు. పూర్తి ఎక్సలేటర్‌లో 0.88 నుంచి 0.90, సగం ఓపెనింగ్‌లో 0.92 నుంచి 0.95. క్రూజింగ్‌లో ఆక్సిజన్ సెన్సార్ చూసుకునే భాగాన్ని దానికే వదిలేయండి.

కొలవడానికి ఎక్సలేటర్ గ్రిప్ మీద, పక్కనున్న స్విచ్ బాక్స్ మీద టేపు ముక్కలు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు వేసుకోండి. మూడో గేరులో ఒక గుర్తు దగ్గర ఎక్సలేటర్‌ని మూడు నాలుగు సెకన్లు కదలకుండా పట్టుకుంటే పట్టికలో ఆ గడికి వచ్చే రీడింగ్ నమ్మొచ్చు. లాగ్ రికార్డు చేయించి ఇంటికొచ్చాక చూడండి. నడుపుతూ స్క్రీన్ చూడకండి. పూర్తి ఎక్సలేటర్ రీడింగులు రోడ్డు మీద తీయడం కన్నా ఒక గంట డైనో (బండిని రోలర్ల మీద నడిపి కొలిచే యంత్రం) అద్దెకి తీసుకోవడం మంచిది.

లెక్క సులభం. పాత అంకెని, కొలిచిన లాంబ్డాని లక్ష్య లాంబ్డాతో భాగించగా వచ్చిన దానితో గుణించాలి. కొలిచింది 0.96, కావాల్సింది 0.89 అయితే 1.08, అంటే ఆ గడిలో 8 శాతం పెంచాలి. ఒకేసారి 5 శాతం మించి మార్చకండి. ముందు 5 పెంచి, మళ్లీ కొలిచి, మిగిలింది చేర్చండి. ఒక్క గడి పెంచి పక్కవి వదిలేస్తే ఎక్సలేటర్ తిప్పేటప్పుడు అక్కడ మెట్టులా తగులుతుంది. చుట్టుపక్కల గడులకి సగం సగం పంచండి. రెండు సిలిండర్లకి వేరు వేరు పట్టికలుంటే రెండింటికీ ఒకే మార్పు చేయండి. ప్రతి మార్పుకీ కొత్త పేరుతో ఫైలు సేవ్ చేయండి, ఏం మార్చారో పేరులోనే ఉండాలి.

ఇగ్నిషన్ పట్టికలు ముట్టుకోకండి. ఈ ఇంజిన్‌లో నాక్ సెన్సార్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడాన్ని పసిగట్టేది) లేదు. టైమింగ్ రెండు డిగ్రీలు ముందుకి జరిపితే వచ్చే లాభం డైనో మీద కూడా కష్టంగా కనిపిస్తుంది, నష్టం మాత్రం పిస్టన్ మీద కనిపిస్తుంది. రెవ్ లిమిట్ పెంచడం కూడా అంతే. వాల్వ్ స్ప్రింగులు ఆ వేగానికి తయారైనవి కావు.

డివైసెస్ భాగంలో ఆక్సిజన్ సెన్సార్, సెకండరీ ఎయిర్ పక్కన టిక్కులు ఉంటాయి. తీసేస్తే ఈసీయూ వాటిని అడగడం మానేస్తుంది. తీయొద్దనే మా మాట. ఆక్సిజన్ సెన్సార్ ఆపితే ఈ10కి, ఈ20కి, చలికి, ఎండకి తనంతట తాను సర్దుకునే ఒకే ఒక్క దారి మూసుకుపోతుంది. కాలుష్య నియంత్రణ భాగాలు ఆపేసిన బండిని రోడ్డు మీద నడపడం మోటారు వాహనాల చట్టానికి కూడా విరుద్ధం.

వేరే బండ్లున్నవాళ్లకి

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలోనూ డయాగ్నస్టిక్ సాకెట్ ఉంటుంది, చాలావాటికి ఆరు పిన్నుల ఎర్ర కనెక్టర్. దానికి 16 పిన్నుల అడాప్టర్ కేబుల్ విడిగా దొరుకుతుంది. కోడ్‌లు, సెన్సార్ రీడింగులు చూడటానికి ఓబీడీ యాప్ చాలావాటికి సరిపోతుంది కాబట్టి పైన చెప్పిన పొద్దుటి పరీక్షలన్నీ వాటికీ చేసుకోవచ్చు. ట్యూన్‌ఈసీయూ మాత్రం అన్ని బండ్లకీ మ్యాప్ రాయదు. కొనేముందు మద్దతున్న మోడళ్ల జాబితాలో మీ బండి, మీ ఈసీయూ ఉన్నాయో లేదో చూడండి. ఈసీయూ లాక్ అయి ఉన్న కేటీఎం, రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లవాళ్లు బెంగళూరు కంపెనీ రేస్ డైనమిక్స్ చేసే పవర్‌ట్రానిక్ లాంటి పిగ్గీబ్యాక్ యూనిట్లు వాడతారు. అవి అసలు ఈసీయూకి, ఇంజెక్టర్‌కి మధ్య కూర్చుని సిగ్నల్‌ని సవరిస్తాయి. విప్పేస్తే బండి మళ్లీ కంపెనీ స్థితికి వస్తుంది. వాటికీ వైడ్‌బ్యాండ్, లాంబ్డా, 5 శాతం నియమాలే వర్తిస్తాయి.